చొక్కామీది నవలావాక్యము – వక్తృవిచారము

కావ్యమునుండి యొక వాక్యము విడివడి లోకమున స్వతంత్రముగా సంచరించుట మనకు క్రొత్త గాదు. మడికి సింగన సకలనీతిసమ్మతము కూర్చిననాడును, పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరము సంధానించిననాడును జరిగినది యిదియే. అయినను ఆ సంకలనములలో పద్యములు ఒక గ్రంథమునుండి మరియొక గ్రంథమునకు మారినవి. చదువరి చేతినుండి చదువరి చేతికే పోయినవి. నేడు ఆంగ్లనవలలలోని వాక్యములు టీషర్టుల రొమ్ములపై అచ్చుపడి అంగళ్లలోను వీధులలోను దర్శనమిచ్చుచున్నవి. ఈ వ్యాసమున మేము విచారింప దలచిన విషయ మొక్కటే: నవలలో ఒక పాత్ర పలికిన మాట చొక్కాపైకి వచ్చినపుడు ఆ మాటకు వక్త యెవరు? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టియే ఆ వాక్యమున కర్థము నిలుచుటయో, తలక్రిందులగుటయో తేలును.

చొక్కాను గూర్చి పరిశోధనపత్రికలో వ్రాయుటయా యని కొందరు పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. రాతిపై చెక్కిన తరువోజను అద్దంకి శాసనమున జూచి, దానిని సాహిత్యచరిత్రకు తొలిపుటలలో నిలుపుకొన్నవారము మనము. రాయి పనికివచ్చినచోట నూలుగుడ్డ పనికిరాదనుట యుక్తముగా తోపదు.

చొక్కా చరిత్ర మనకు కొలదిగా జాలును. చేతులు చాచి పరచినపుడు ఆంగ్లవర్ణమాలలోని టీ యను అక్షరమువలె నుండుటచే దీనికి ఆ పేరు వచ్చినది. ఇరువదవ శతాబ్ది యారంభమున అమెరికా నౌకాదళమువారు దీనిని లోచొక్కాగా వాడిరి. ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు ఈ పదమునకు చూపిన ప్రాచీనప్రయోగము స్కాట్ ఫిట్జెరాల్డు 1920లో ప్రకటించిన 'దిస్ సైడ్ ఆఫ్ ప్యారడైజ్' అను నవలలోనిది. చొక్కాపేరు నవలలో కనబడుట, పిమ్మట నవలలోని మాట చొక్కా కెక్కుట ముచ్చటగనే యున్నది. మునుపు జల్లెడవంటి వలగుడ్డపై అచ్చు దీసి రంగు నద్దెడివారు. నూరు చొక్కాలకు తక్కువైనచో కూలి గిట్టెడిది కాదు. ఇపుడు కంప్యూటరు సాయమున, అడిగిన వానికి అడిగిన వాక్యముతో ఒక్క చొక్కానైనను అచ్చువేసి యిచ్చుచున్నారు. ప్రాచీననవలలకు గ్రంథస్వామ్యకాలము గడచినది గావున ఎవరి యనుమతియు నక్కరలేదు. ఉన్న నిర్బంధ మొక్కటే, స్థలము. జానెడు వెడల్పున, నడచిపోవువాని కన్నులకు ఒక్క క్షణములో అందవలెను. కావున పొట్టివాక్యమే యెన్నికగును. దాని ముందువెనుకలు గుడ్డపై నిలువవు.

మేము ముఖ్యముగా పరిశీలించు చొక్కా జేన్ ఆస్టెన్ పేర అమ్ముడగుచున్నది. చదువుటను మించిన యానందము లేదని చాటెడి చిన్నవాక్యము. దాని క్రింద రచయిత్రి పేరు. పుస్తకప్రియులు, గ్రంథాలయములలో పనిచేయువారు, ఉపాధ్యాయులు దీనిని ప్రీతితో ధరింతురు. వాక్యము 1813 జనవరి 28న లండనున వెలువడిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవల పదునొకండవ అధ్యాయములోనిది. రచయిత్రి వ్రాసినదే, సందేహము లేదు. కాని రచయిత్రి పలికినది గాదు. పలికినది కెరొలైన్ బింగ్లీ యను పాత్ర.

ఆ ఘట్టమును కొంత విపులముగా చూడవలెను. నెదర్‌ఫీల్డు భవనమున రాత్రిభోజనము ముగిసినది. హర్‌స్టు పేకాట కోరెను గాని, డార్సీకి ఆట యిష్టము లేదని మిస్ బింగ్లీ ముందే గ్రహించి యుండుటచే ఆట సాగలేదు. హర్‌స్టు సోఫాపై మేను వాల్చి నిద్రించెను. డార్సీ పుస్తకము చేతబట్టెను. వెంటనే మిస్ బింగ్లీయు పుస్తకము చేతబట్టెను. ఎలిజబెత్ ఒక మూల కుట్టుపనిలో నున్నది. మిస్ బింగ్లీ చూపు తన పుటపై నున్నంత మాత్రము డార్సీ పుటపైనను ఉన్నది. ఆయన నేదో అడుగును, ఆయన ఎంతవరకు చదివెనో తొంగిచూచును. ఆయన అడిగినదానికి బదులు చెప్పి మరల చదువుకొనును. ఆమె చేతిలోని పుస్తక మెట్టిది? డార్సీ చదువుచున్న గ్రంథముయొక్క రెండవసంపుటము. దాని నెన్నుకొనుటకు వేరు కారణము లేదని రచయిత్రియే చెప్పినది. తుదకు విసివి, పెద్దగా ఆవులించి, ఆ తరువాత ఈ ప్రశంసావాక్యమును పలికెను. తనకొక యిల్లు ఏర్పడినపుడు మంచి గ్రంథాలయము లేనిచో బ్రదుకు దుర్భరమనియు చేర్చెను. ఎవరును మారుపలుకలేదు. ఆమె మరల ఆవులించి పుస్తకము నావల పారవైచి, వినోదమున కింకేమి దొరకునా యని గది నలుదెసల పరికించెను. ఇదియే చొక్కాపై వెలసిన చదువరి!

రెండవసంపుటమను మాటను పాఠకులు తేలికగా దాటిపోవుదురు. ఆ కాలమున నవలలు మూడు సంపుటములుగా వెలువడెడివి. ఈ నవలయు అట్లే వెలువడినది, వెల పదునెనిమిది షిల్లింగులు. మొదటిసంపుటము డార్సీ చేత నున్నందున రెండవదానిని మొదలుపెట్టుట, కథ తెలియకయే నడుమ ప్రవేశించుట. ఇంకొక విశేషము గలదు. పదునొకండవ అధ్యాయము ఈ నవలయందును మొదటిసంపుటములోనే యున్నది. 1813లో దీనిని చదువుచున్నవాడు డార్సీవలె తానును ఒక మొదటిసంపుటమును చేతబట్టి యున్నాడు. ఎవరైనను ప్రక్కన జేరి పలుకరించి చదువు చెరచుచుండిరేమో యని అతడు తలయెత్తి చూచియుండును.

పూర్వసందర్భ మొకటి కలదు. ఎనిమిదవ అధ్యాయమున ఎలిజబెత్ పేకాట మాని పుస్తకము కోరినపుడు, ఆమెకు చదువుతప్ప వేరు సంతోషము లేదని మిస్ బింగ్లీ ఎత్తిపొడిచెను. ఎలిజబెత్ ఆ పొగడ్తయు ఆ నిందయు తనకు తగవని త్రోసిపుచ్చెను. ఆ సాయంకాలమే, స్త్రీకి ఎన్ని విద్య లున్నను విస్తారమైన పఠనముచే బుద్ధి వికసింపవలెనని డార్సీ పలికెను. పెంబర్లీ గ్రంథాలయప్రశంసయు అపుడే వచ్చెను. కాగా పదునొకండవ అధ్యాయమున మిస్ బింగ్లీ నోట వెడలిన వాక్యము ఈ మూడింటికిని ప్రతిధ్వని. ఎలిజబెత్‌యందు తాను నిందించిన గుణమునే డార్సీ మెచ్చెనని తెలిసి, ఆ గుణమును తనకు తగిలించుకొనుటకై చేసిన ప్రయత్నము. గ్రంథాలయముగల యిల్లు తన కేర్పడవలెననుటలో పెంబర్లీపై ఆమె పెట్టుకొన్న యాశ స్ఫుటముగా వినబడును. చదువును గూర్చి పలికినట్లున్న ఆ వాక్యము నిజమునకు వివాహమును గూర్చినది.

ఈ విపర్యాసము చొక్కాలతో నాగలేదు. ఇంగ్లండుబ్యాంకువారు జేన్ ఆస్టెన్ చిత్రముతో పది పౌనుల నోటును ముద్రింతుమని 2013 జులైలో ప్రకటించి, 2017 సెప్టెంబరు 14న దానిని విడుదల చేసిరి. రచయిత్రి ముఖచిత్రము క్రింద ఈ వాక్యమునే యుంచిరి. పలికినది కపటపాఠకురాలని 2013లోనే విమర్శకులు ఎత్తిచూపిరి, 2017లో మరల చూపిరి, వాక్యము మారలేదు. ముఖము క్రింద వాక్యము నుంచినచో ఆ ముఖమే పలికినదని కదా లోకము గ్రహించును.

ఇపుడు శాస్త్రమేమనునో చూతము. మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసమున అర్థము వ్యంజకమగు విధమును నిరూపించుచు, వక్త, వినువాడు, కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువాని వైశిష్ట్యమున అర్థాంతరము స్ఫురించునని చెప్పెను. మున్నగు ననుటచే చేష్టయు గ్రాహ్యమనెను. ఈ పట్టికను నెదర్‌ఫీల్డు గదికి అన్వయించి చూచిన ప్రతి యంశమును పనిచేయుచున్నట్లు కనబడును. వక్త పుస్తకమును పారవేయనున్న స్త్రీ. మాట గదికంతటికి చెప్పినట్లున్నను చేరవలసినది డార్సీ చెవికి. అన్యసన్నిధి యనగా నిదియే. చేష్ట ఆవులింత. భరతుడు జృంభణమును నిద్రాదిభావముల కనుభావముగా పేర్కొన్నాడు. ఆనందమున కది అనుభావము గాదు. వాచికమొకటి, ఆంగికమొకటి, రెండింటి విరోధముననే హాస్యము పుట్టినది. చొక్కా వాచికమును మాత్రము గ్రహించి ఆంగికమును నవలలోనే విడిచివచ్చినది.

ఇంతకంటె సూక్ష్మమైన విషయము నాలుగవ ఉల్లాసమున గలదు. అర్థశక్తిమూలధ్వనిని విభజించుచు మమ్మటుడు వ్యంజకార్థమును స్వతస్సంభవి, కవిప్రౌఢోక్తిసిద్ధము, కవినిబద్ధవక్తృప్రౌఢోక్తిసిద్ధము అని మూడు తెగలు చేసెను. కవి తానై చెప్పినది వేరు, కవి కల్పించిన వక్త చెప్పినది వేరు అని ఆయన యాశయము. ఆంధ్రదేశమున బుట్టి మొగలాయి యాస్థానమున వెలసిన పండితరాయలు రసగంగాధరమున మూడవ తెగను అంగీకరింపలేదు. కవియు, కవి కల్పించిన వక్తయు వేరువేరుగా లెక్కింపదగినవారు కారనియు, అట్లు లెక్కించినచో ఆ కల్పితవక్త కల్పించిన వక్తకు మరియొక తెగ యేర్పడవలసివచ్చుననియు ఆయన వాదము. తర్కదృష్టి నిది బలమైనదే. శాస్త్రమున చర్చ ప్రౌఢోక్తిని గూర్చినది, అనగా లోకమున లేని కల్పనను గూర్చినది. మేము దానిని సామాన్యసంభాషణమునకు విస్తరించుచున్నామని విజ్ఞులు గమనింతురు గాక. ఆ విస్తరణ ఒప్పినచో, పాత్ర పలుకు కవి పలుకే యని తీర్మానించిన మతము చొక్కా వర్తకునకు మిక్కిలి యనుకూలము. మిస్ బింగ్లీ వాక్యము క్రింద ఆస్టెన్ పేరు వ్రాసినవాడు తెలియకయే పండితరాయల పక్షమున నిలిచినాడు. నవలయను ప్రక్రియలో మాత్రము మమ్మటుని తెగయే నిలుచునని మా యభిప్రాయము. నవలాకారుని ప్రతిభ పాత్రను తననుండి వేరుచేయుటలోనే యున్నది. ఆ వేర్పాటును చెరిపిన ఆస్టెన్ హాస్యము మిగులదు.

ఇట్టి స్ఖలనము మనకును తెలియనిది గాదు. పోతన భాగవతము వామనచరిత్రమున శుక్రాచార్యులు బలికి, కొన్నియెడల బొంకినను దోషము లేదని చెప్పిన పద్య మందరికి కంఠస్థము. ఆడినమాట తప్పినవారు దానిని పోతనగారి యనుమతిపత్రమువలె చదువుచుందురు. ఆ హితవును బలి అంగీకరింపలేదనియు, ఆ నిరాకరణయే వామనచరిత్రమునకు ప్రాణమనియు వారికి జ్ఞప్తి యుండదు. గిరీశము మాటలకు మాత్రము ఈ యపాయము పట్టలేదు. 1897లో మొదట అచ్చుపడిన నాటినుండి కన్యాశుల్కములోని ఆతని పలుకులు తెనుగువారి నోళ్లలో నాడుచునే యున్నవి. ఎవరు పలికినను గిరీశమును వెంటబెట్టుకొనియే వచ్చును, గురజాడవారి సూక్తి యని యెవరును భ్రమింపరు. భేద మెచట నున్నది? గిరీశము కంఠధ్వని వాక్యములోపలనే యున్నది. శుక్రుని పద్యము సూక్తివలె నిర్మితము. మిస్ బింగ్లీ వాక్యమును అట్టిదే. కపటి ధర్మవాక్యమువలె మాటాడుట లోకసహజము గనుక కవియు అట్లే మాటాడించెను. మన పరీక్షలలో సందర్భసహితవ్యాఖ్య యను ప్రశ్న నడుగుట యిందులకే. ఎవరు, ఎవరితో, ఎపుడు అని చెప్పనివానికి భావమెంత చక్కగా వ్రాసినను మార్కులు తగ్గింతుము.

ఇక్కడ ఒక ఆక్షేపము రాదగును. చొక్కా ధరించినవాడే నూతనవక్త. అతనికి చదువనిన నిజముగా నిష్టము. మాట ఆతని నోట సత్యమైనపుడు పూర్వవక్తతో పనియేమి? ముక్తకములను మనము అట్లే చదువుదుము గదా? హాలుని గాథాసప్తశతిలో వక్త పేరుండదు. నిజమే. కాని ఆ గాథల వ్యాఖ్యాతలు, ఇది దూతిక పలుకు, ఇది విరహిణి పలుకు అని వక్తను నిలిపి పిదపనే అర్థము చెప్పుచుందురు. పైగా చొక్కాపై వాక్యము అనామకముగా లేదు. క్రింద రచయిత్రి పేరున్నది. ధరించినవాడు ఇది నా మాట యనుటలేదు. ఆస్టెన్ మాట యనుచున్నాడు. పేరు చెరిపివేసినచో ఈ ఆక్షేపమునకు చాలవరకు బలము కలుగును. ఇంకొక ముచ్చట. తాను చదువరియని నలుగురికి కనబడుటకే మిస్ బింగ్లీ ఆ మాట నాడినది. చొక్కాయు దానిని ఆ ప్రయోజనమునకే వాడుచున్నది. నవలను చదివి, ఈ సంగతి నెరిగి, లోలోన నవ్వుకొనుచు దానిని ధరించువారును కలరు. వారి రొమ్ముపై వాక్యము తన వ్యంగ్యముతోనే యున్నది. మరియొక సహృదయుడు వీధిలో దానిని చూచి నవ్విన వారి సొమ్ము వారికి ముట్టినట్లే.

వక్త నిష్కపటుడైనచో చొక్కాకు దోషము లేదా? దీనికి షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఎయిర్' మంచి యుదాహరణము. తాను పక్షిని గాననియు, ఏ వలయు తన్ను బంధింపదనియు కథానాయిక పలికిన మాట స్త్రీలు ధరించు చొక్కాలపై తరచుగా కనబడుచున్నది. ఇందు కపటము లేశమును లేదు. ఇరువదిమూడవ అధ్యాయమున, థార్న్‌ఫీల్డు తోటలో, యజమానియగు రోచెస్టరు వేరొకతెను వివాహమాడునని నమ్మి, తాను ఐర్లండునకు పోవలసియున్నదని దుఃఖించుచు పలికిన మాట యది. పక్షి యను మాట ఆమె తెచ్చినది గాదు. తన యీకలు తానే పెరికికొను వెఱ్ఱిపక్షివలె పెనుగులాడకుమని రోచెస్టరు అనగా, ఆ యుపమానమును పట్టుకొని త్రోసివేసినది. చొక్కాపై ఆ ఖండనము మిగిలినది, ఖండింపబడిన మాట పోయినది. అంతకు మించిన విషయము: ఆ మాట యాడిన కొలది నిమిషములకే రోచెస్టరు ఆమెను తన్నే వరింపుమనును, ఆమె యంగీకరించును. ఆతని భార్య బ్రదికియుండి ఆ యింటి పైయంతస్తులోనే బంధింపబడి యున్నదని ఆమె యెరుగదు. వల లేదని పలికిన వేళనే వల పన్నబడియున్నది. ఆ రాత్రియే పిడుగుపడి తోటలోని చెస్ట్‌నట్ చెట్టు చీలెను. ఆ మాట సత్యమగుట ఇరువదియేడవ అధ్యాయమున, నిజము తెలిసి, బ్రతిమాలినను నిలువక ఆమె ఒంటరిగా ఆ యిల్లు విడిచిననాడు. నవలలో అది ప్రతిజ్ఞ, చొక్కాపై సిద్ధవస్తువు. ప్రతిజ్ఞ కెంత మూల్యము చెల్లింపబడినదో గుడ్డపై వ్రాయుటకు చోటులేదు. అయినను మిస్ బింగ్లీ చొక్కాతో దీనిని సమానముగా నిందింపజాలము. ఇచట అర్థము కురచయైనది, అచట విపరీతమైనది.

మంచి నవలయం దానందము లేనివాడు మందమతి యని 'నార్తాంగర్ ఆబీ'లో హెన్రీ టిల్నీ యాడిన మాటయు చొక్కాల కెక్కినది. పరిహాసముగా పలికినను ఆతడు నవలలు నిజముగా చదివినవాడు. ఆ గ్రంథముననే అయిదవ అధ్యాయమున రచయిత్రి స్వయముగా నవలల పక్షమున వాదించినది. వక్తయు కవియు ఏకాభిప్రాయులైనచోట పేరు మారినను నష్టము స్వల్పము. ఇక ధనవంతుడగు బ్రహ్మచారికి భార్య కావలెనని లోకమెల్ల నంగీకరించెనను 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తొలివాక్యము కవయిత్రి వాక్యమే. అందలి గంభీరారంభమునకును అల్పమైన ముగింపునకును గల యెడమే వ్యంగ్యమును మోసికొనివచ్చును. అది గుడ్డపైనను వాడిపోదు.

ఈ రచయిత్రు లిరువురును తమ పేరులను ఎట్లు వాడుకొనిరో స్మరింపదగును. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ముఖపత్రముపై ఆస్టెన్ పేరు లేదు. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' రచించిన వ్యక్తి వ్రాసినదని మాత్రమున్నది. ఆమె 1817లో మరణించిన పిమ్మట అన్నగారు వ్రాసిన పరిచయముచే ఆమె పేరు లోకమునకు వెల్లడియైనది. 1847లో వెలువడిన 'జేన్ ఎయిర్' ముఖపత్రము ఆ గ్రంథమును ఆత్మకథగా పేర్కొని, కర్రర్ బెల్ అనువాడు పరిష్కర్త యని చెప్పినది. షార్లెట్ బ్రాంటీ తన్ను రచయిత్రిగా కూడ చెప్పుకొనలేదు. తమ పుస్తకములపైనే వ్రాసికొనని పేరులను, పాత్రల మాటల క్రింద, నేటి చొక్కాలపై చదువుచున్నాము. వర్తకుడు చేయదగిన సవరణ కష్టమైనది గాదు. రచయిత్రి పేరున్నచోట కెరొలైన్ బింగ్లీ యని అచ్చువేసినచో అదే చొక్కా, అదే వాక్యము, పూర్తిగా నవలలోని యర్థముతో నిలుచును. అమ్మకము తగ్గునని యెవరైన భయపడవచ్చును గాని, చదివినవారు మరి రెండు కొందురని మేము తలంతుము.

నోటువిషయమున ఒక విశేషము మిగిలియున్నది. ఆ పది పౌనుల నోటుపై ఆస్టెన్ ముఖచిత్రముతో పాటు ఇసబెల్ బిషప్ అను చిత్రకర్త్రి వ్రాసిన చిత్రమునుబట్టి ఎలిజబెత్ బెన్నెట్ రూపమును ముద్రించిరి. అక్క జేన్ తనకు వ్రాసిన జాబులన్నిటిని ఎలిజబెత్ మరల పరీక్షించుచున్న ఘట్టమది. ముప్పదినాలుగవ అధ్యాయముయొక్క ఆరంభము. అపుడామె ఇంట ఒంటరిగా నున్నది. తక్కినవారు రోజింగ్సునకు వెడలిరి. ఆమె ప్రతి పంక్తియందును అక్క దుఃఖమును వెదకుచు చదువుచున్నది. ఆ చదువును గూర్చి ఎవరితోను ఏమియు ననుటలేదు. వినుట కెవరును లేరు.